దానం: శిలలు పలికిన తొలి మాట

తెలియని అక్షరం ఎదుట నిలిచిన మానవునికి రెండు మార్గాలు గోచరిస్తాయి. తనకు తెలియదని అంగీకరించి, తెలుసుకొనడానికి ప్రయత్నించడం ఒకటి. తెలియకపోయినా తెలిసినట్లుగా ఒక అర్థాన్ని కల్పించి చెప్పడం రెండవది. మొదటిది జిజ్ఞాస; రెండవది వ్యామోహం. భారతదేశపు ప్రాచీన శిలాశాసనాల చరిత్రలో ఈ రెండింటికీ స్పష్టమైన నిదర్శనాలున్నాయి. ముముక్షువులకూ, శాస్త్రాధ్యయనపరులకూ ఆ చరిత్ర గతవృత్తాంతం మాత్రమే కాదు. గ్రంథాన్ని ఎలా చదవాలో నేర్పే పాఠం కూడా.

ఈ విషయాన్ని ఇప్పుడు ప్రస్తావించడానికి ఒక చిత్రమైన నిమిత్తం ఉన్నది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరానికి చెందిన ఇంకిల్ అనే సంస్థ 2019లో ‘హెవెన్స్ వాల్ట్’ అనే వీడియో గేమ్‌ను వెలువరించింది. యుద్ధాలకూ సంహారాలకూ అందులో ప్రాధాన్యం లేదు. అలియా ఎలాస్రా అనే పురావస్తు పరిశోధకురాలు, సిక్స్ అని పిలువబడే యంత్రమానవుడు తోడుగా, నభోమండలంలో ప్రవహించే నదులపై నౌకాయానం చేస్తూ శిథిల నగరాలను దర్శిస్తుంది. ప్రతిచోటా ఆమెకు ఒక విస్మృత భాషలోని రాతలు ఎదురవుతాయి. ఆడువారు ఆ రాతలకు అర్థాన్ని ఊహించాలి. ఊహ తప్పైనా కథ ఆగదు. ఆ తప్పుడు అర్థంతోనే ముందుకు సాగుతుంది. అదే పదం మరికొన్ని శాసనాలలో ఎదురైనప్పుడు గాని పూర్వపు ఊహ నిలుస్తుందో కూలుతుందో తేలదు. చరిత్ర చక్రంవలె తిరుగుతుందని, జరిగినదే మరల జరుగుతుందని అక్కడి ప్రజల విశ్వాసం. కాలచక్రమన్న మాట వింటూ పెరిగిన మనకు అది అపరిచితమైన భావన కాదు.

ఆ క్రీడలోని పద్ధతి కూడా మనకు అపరిచితం కాదు. బాలుడు భాషను ఎలా నేర్చుకుంటాడన్న ప్రశ్నకు మీమాంసకులూ నైయాయికులూ చెప్పిన సమాధానం ‘వృద్ధవ్యవహారం’. ఒక పెద్దవాడు మరొకనితో ‘గామానయ’, అనగా ‘ఆవును తెమ్ము’ అంటాడు. అతడు ఆవును తెస్తాడు. ప్రక్కన కూర్చున్న బాలునికి ఆ వాక్యం మొత్తానికి ఈ క్రియ మొత్తం అర్థమని మాత్రమే తెలుస్తుంది. పిమ్మట ‘అశ్వమానయ’ అన్నప్పుడు గుఱ్ఱం వస్తుంది. ‘గాం బధాన’ అన్నప్పుడు ఆవును కట్టివేస్తారు. ఏ పదం చేరితే ఏ అర్థం చేరుతున్నది, ఏ పదం తొలగితే ఏ అర్థం తొలగుతున్నది అని గమనిస్తూ బాలుడు ఒక్కొక్క పదానికి అర్థాన్ని నిశ్చయించుకుంటాడు. దీనినే ఆవాపోద్వాపమన్నారు. మృతలిపిని చదువబూనిన పండితుడు చేసేదీ ఇదే. అయితే అతని ముందు ఆవును తెచ్చి చూపే పెద్దవాడు లేడు. రాయి ఉన్నది, పలికేవాడు లేడు.

అటువంటి స్థితి మన దేశంలోనే, మన పూర్వుల లిపి విషయంలోనే ఏర్పడింది. అదే బ్రాహ్మీలిపి కథ.

చదువని శాసనం, చెప్పిన జోస్యం

14వ శతాబ్దంలో ఢిల్లీని ఏలిన ఫిరోజ్ షా తుగ్లక్, టోప్రా గ్రామంలో నిలిచి ఉన్న ఒక మహాస్తంభాన్ని చూచి ముగ్ధుడయ్యాడు. దానిని బూరుగు దూదిపై మెల్లగా ఒరిగించి, రెల్లుతోనూ పచ్చి తోళ్ళతోనూ చుట్టి, 42 చక్రాల బండిపై యమునాతీరానికి చేర్చి, పడవలపై ఢిల్లీకి తరలించిన వైనాన్ని షమ్స్ సిరాజ్ అఫీఫ్ అనే చరిత్రకారుడు సవిస్తరంగా వర్ణించాడు. మీరట్ ప్రాంతం నుండి మరొక స్తంభం కూడా ఆ విధంగానే ఢిల్లీకి చేరింది.

టోప్రా స్తంభంపై ఉన్న రాతలను చదువవలసిందిగా సుల్తాను బ్రాహ్మణ పండితులను పిలిపించాడు. వారికది సాధ్యపడలేదు. అయితే అఫీఫ్ మరొక మాట కూడా చెప్పాడు. ఫిరోజ్ అనే సుల్తాను పుట్టేవరకు ఈ స్తంభాన్ని ఎవరూ కదల్చలేరని అందులో వ్రాసి ఉన్నట్లు కొందరు అర్థం చెప్పారట.

ఈ ఘట్టాన్ని చదివినప్పుడు నవ్వు రావచ్చు; కానీ ఇందులో విచారించదగిన విషయం ఉన్నది. ఆ స్తంభంపై వాస్తవంగా ఉన్నవి అశోక చక్రవర్తి ధర్మశాసనాలు. జీవహింసను తగ్గించడం, న్యాయవ్యవహారంలో సమత్వం పాటించడం, బాటల వెంట మఱ్ఱిచెట్లు నాటించడం, బావులు త్రవ్వించడం వంటి విషయాలు వాటిలో ఉన్నాయి. అవి తన సంతతి కాలంలోనూ, సూర్యచంద్రులున్నంతకాలమూ నిలవాలన్నది ఆ రాజు ఆకాంక్ష. శిల నిలిచింది, రాత నిలిచింది. అర్థం మాత్రం నిలువలేదు. ఆ ఖాళీ స్థానంలోకి ఎదురుగా ఉన్న ప్రభువు పేరు సులభంగా ప్రవేశించింది. చదువలేకపోవడం దోషం కాదు. తనకు కావలసిన దానిని శాసనం నోట పలికించడమే దోషం.

తల్లిని గుర్తించలేని బిడ్డలు

లిపి ఎందుకు మరువబడింది? ఏ శత్రువో వచ్చి దానిని నాశనం చేయలేదు. బ్రాహ్మి నశించలేదు, పరిణమించింది. ప్రతి తరమూ తన తండ్రి రాతను రవ్వంత మార్చి వ్రాసింది. కొక్కెము కొంత పొడవైంది, గీత కొంత వంగింది, కొసలో చిన్న మెలిక ఏర్పడింది. ఏ తరానికీ తన తాతగారి రాత దుర్బోధంగా తోచి ఉండదు. కానీ వేయి సంవత్సరాలు గడిచేసరికి ఆ మొదటి రూపాన్ని ఎవరూ గుర్తించలేని స్థితి వచ్చింది. ఉత్తరాన నాగరి, తూర్పున వంగలిపి, దక్షిణాన తెలుగు, కన్నడ, తమిళ, మలయాళ లిపులు అన్నీ ఆ ఒక్క తల్లి బిడ్డలే. బిడ్డలందరూ జీవించి ఉండగానే తల్లి ముఖం అపరిచితమైపోయింది.

పోలిక చూడదలచినవారికి నేటి తెలుగులోనూ ఆనవాళ్ళు దొరుకుతాయి. బ్రాహ్మిలో ‘థ’ అక్షరం ఒక వృత్తం, దాని నడుమ ఒక చుక్క. మన ‘థ’లో ఆ చుక్క ఇప్పటికీ నిలిచి ఉన్నది. నాటి అనుస్వారం ఒక చుక్క. మన రాతలో అది సున్నగా మారింది.

కనుక ఈ లిపిని చేరే దారి వెనుకకు నడవడమే. తెలిసిన లిపి నుండి దాని ముందటి లిపికి, దాని నుండి అంతకు ముందటి దానికి మెట్టు మెట్టుగా దిగాలి. 1784లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ స్థాపించిన ఏషియాటిక్ సొసైటీ ఆశ్రయంలో ఈ యాత్ర ఆరంభమైంది. 1785లో చార్లెస్ విల్కిన్స్ వంగదేశపు పాలరాజుల నాటి శాసనాన్ని చదివాడు. ఆ కాలంలోనే రాధాకాంత శర్మ అనే పండితుడు ఢిల్లీలోని టోప్రా స్తంభంపై ఉన్న 12వ శతాబ్దపు చౌహాను రాజు వీసలదేవుని శాసనాన్ని చదివి అర్థం చెప్పాడు. అశోకుని రాతలున్న స్తంభంపైనే, వాటితోపాటే ఉన్న మరొక రాత అది. పై మెట్టు అందింది. క్రింది మెట్టు అందలేదు. అలహాబాదు స్తంభంపై కూడా సముద్రగుప్తుని ప్రశస్తి 1834 నాటికి పఠనయోగ్యమైంది గాని, అదే స్తంభంపై ఉన్న అశోకుని రాత మౌనంగానే ఉండిపోయింది.

ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

ఈ మౌనాన్ని ఛేదించినవాడు జేమ్స్ ప్రిన్సెప్. 1799లో జన్మించి, 1819లో భారతదేశానికి వచ్చి, కలకత్తా, కాశీ టంకశాలలలో లోహపరీక్షాధికారిగా పనిచేశాడు. 1832 నుండి ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి. ఆయన స్వయంగా గొప్ప సంస్కృతజ్ఞుడు కాడు. అందుచేత కమలాకాంత విద్యాలంకారుని వంటి పండితుల సాహాయ్యాన్ని అడుగడుగునా స్వీకరించాడు.

1834లో ఆయన మొదట చేసినది అర్థాన్ని ఊహించడం కాదు. అలహాబాదు స్తంభంలోని అక్షరాలను వేరుచేసి, ఏ మూలరూపానికి ఏయే గీతలు తగులుకొని ఉన్నాయో పట్టికలుగా కూర్చాడు. ఒకే హల్లు అయిదు విధాలైన చిహ్నాలతో కనబడుతున్నది. మన గుణింతం వంటి వ్యవస్థ ఇది అని దానివలన తేలింది. ఒక్క అక్షరమైనా పలుకకుండానే లిపి స్వభావం తెలిసిందన్నమాట. 1836లో జర్మనీ పండితుడు క్రిస్టియన్ లాసెన్, ఒక ప్రక్క గ్రీకు లిపి, మరొక ప్రక్క బ్రాహ్మి ఉన్న అగథోక్లీస్ అనే యవనరాజు నాణెం ఆధారంగా కొన్ని అక్షరాలను గుర్తించాడు.

1837లో సాంచీ స్తూపం నుండి కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ పంపిన శాసన ప్రతిబింబాలు ప్రిన్సెప్ చేతికి వచ్చాయి. అవి పెద్ద శాసనాలు కావు. స్తూపం చుట్టూ ఉన్న రాతికంచె మీద అక్కడక్కడ చెక్కిన చిన్న చిన్న పంక్తులు. వాటిని ముద్రణకు క్రమపరుస్తుండగా ఒక విషయం ఆయన కంటబడింది. దాదాపు ప్రతి పంక్తీ అవే రెండు అక్షరాలతో ముగుస్తున్నది. వాటికి ముందు తరచుగా ఒకే అక్షరం కనబడుతున్నది.

ఇక్కడ మన శాస్త్రపరిభాషను స్మరించుకుంటే ఆ ఆవిష్కారంలోని సౌందర్యం మరింత స్పష్టమవుతుంది. గ్రంథతాత్పర్యాన్ని నిర్ణయించే లింగాలలో ‘అభ్యాసం’ ఒకటి, అనగా పునరుక్తి. దేనిని మాటిమాటికి చెబుతున్నారో అది ముఖ్యం. సాంచీలో మాటిమాటికి వచ్చినది ఆ చివరి పదమే. ఇక పదసమూహం వాక్యం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని నైయాయికులు చెప్పారు. స్తూపప్రాంగణంలో, రాతికంచె యొక్క ఒక్కొక్క భాగం మీద, ఒక్కొక్క చిన్న వాక్యం ఉన్నది. అక్కడ ఏ అర్థానికి యోగ్యత ఉన్నది? రాజ్యవిజయానికా? వంశప్రశస్తికా? అవి ఇంత చిన్న పంక్తులలో ఇమడవు. బర్మాలోని బౌద్ధాలయాలలో భక్తులు సమర్పించిన ధ్వజాల మీద, ప్రతిమల మీద దాతల పేర్లు వ్రాయించే ఆచారం ఉన్నదని ప్రిన్సెప్ ఎరుగును. మన దేవాలయాల మెట్ల మీద, గంటల మీద, పందిరి స్తంభాల మీద నేటికీ మనం చూస్తున్న ఆచారమే అది.

కనుక అది సమర్పణను తెలిపే పదం కావాలి. సమర్పణ అనగానే ‘ఎవరిది?’ అన్న ఆకాంక్ష పుడుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం షష్ఠీవిభక్తి. సంస్కృతంలో ‘స్య’ అయినది ప్రాకృతంలో ‘స’ అవుతుంది. ఆ చివరి పదానికి అవ్యవహితంగా ముందున్న అక్షరాన్ని, సౌరాష్ట్ర నాణెములపై చేసిన పరిశీలన వలన ‘స’ అని ఆయన అప్పటికే గుర్తించి ఉన్నాడు. ఇది సన్నిధి. ఫలానావారి అని షష్ఠి, తరువాత రెండు అక్షరాలు, చివర ఒక చుక్క.

దానం.

దా, నం. మనం నేడు తెలుగులో వ్రాసే విధంగానే రెండు అక్షరాలు, చివర అనుస్వారం. అనేక శతాబ్దాల మౌనం తరువాత ఆ లిపి నుండి స్పష్టంగా వెలువడిన పదం ఇది. ఆ ఒక్క పదం దొరికిన వెంటనే ద, న, అనుస్వారం, ఆకార చిహ్నం స్థిరపడ్డాయి. పేర్లలోని అక్షరాలు ఒకదాని నుండి మరొకటి వెలికివచ్చాయి. కొద్ది వారాలలోనే ఢిల్లీ స్తంభం, ఫిరోజ్ షా ఎదుట మౌనం వహించిన ఆ స్తంభమే, తన మాట తాను చెప్పసాగింది.

ఆ దాతలు ఎవరు? చక్రవర్తులు కారు. ఉపాసకులు, గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు. దక్షిణ ద్వారంపై ఒక చెక్కడం విదిశానగరపు దంతకారుల పని అని వ్రాసి ఉన్నది. అదే దక్షిణ ద్వారంపై మరొక దాత పేరు మన చరిత్రకు సన్నిహితమైనది. శ్రీ శాతకర్ణి మహారాజు శిల్పుల పెద్ద, వాసిష్ఠీపుత్రుడైన ఆనందుడు. సాతవాహనుల ఆస్థాన శిల్పి ఇచ్చిన ఆ దానం కూడా ఆ ఒక్క పదంతోనే ముగుస్తుంది.

ఎవరీ ప్రియదర్శి?

అక్షరాలు తెలిసినంత మాత్రాన అర్థం తెలిసినట్లు కాదు. శాసనాలలో మాట్లాడుతున్న రాజు తనను ‘దేవానంపియ పియదసి’ అని చెప్పుకున్నాడు. దేవతలకు ప్రియుడైన ప్రియదర్శి. ఆయన ఎవరు? ప్రిన్సెప్ తొలుత సింహళాన్ని పాలించిన దేవానంపియ తిస్సుడని భావించాడు. బిరుదు సరిపోయింది కనుక ఆ ఊహ సహజమే. కానీ సింహళంలో ఉద్యోగిగా ఉన్న జార్జి టర్నర్, దీపవంశమనే పాళీగ్రంథంలో ప్రియదర్శి అన్నది అశోకునికే పేరుగా వాడబడినట్లు కనుగొని తెలియజేశాడు. ప్రిన్సెప్ తన పూర్వాభిప్రాయాన్ని విడిచి దీనిని స్వీకరించాడు. పాళీభాషా విషయంలో రత్నపాలుడనే సింహళీయుడు కూడా ఆయనకు తోడ్పడ్డాడు.

ఇది కూడా అనుమానప్రమాణమే. ప్రత్యక్షసాక్ష్యం వచ్చేసరికి మరి 78 సంవత్సరాలు గడిచాయి. 1915లో నాటి నిజాం రాజ్యంలోని మస్కి గ్రామంలో, నేటి కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో, ఒక బండపై దేవానంపియ బిరుదుతో కూడ ‘అశోక’ నామం కూడా లభించింది. హైదరాబాదు రాజ్య పురావస్తు గ్రంథమాలలో తొలి సంపుటంగా హెచ్. కృష్ణశాస్త్రి దానిని ప్రకటించారు. అనుమానం ప్రత్యక్షంతో సంవదించింది. ఊహించినవాడు చూడలేదు. 1838లో అనారోగ్యంతో స్వదేశానికి తరలిన ప్రిన్సెప్, 1840లో నలభై ఏండ్ల వయసులోనే మరణించాడు.

ఇక్కడ నిదానంగా ఆలోచించవలసిన అంశం ఒకటి ఉన్నది. మన సంప్రదాయం వేదాన్ని రాతకు అప్పగించలేదు. పదపాఠం, క్రమపాఠం, ఘనపాఠం వంటి పాఠవిధానాలతో స్వరాక్షరభంగం లేకుండా కంఠంలోనే కాపాడుకున్నది. లిపి మారినా వేదానికి హాని కలుగకపోవడానికి కారణమదే. ‘న క్షరతి’ కనుక అక్షరం అన్న వ్యుత్పత్తి శబ్దానికి చెల్లుతుంది, గీతకు చెల్లదు. ఇది మనం గర్వించదగిన విషయమే. కానీ అదే స్మృతిపరంపర అశోకుని గురించి ఏమి నిలుపుకున్నది? విష్ణుపురాణాది గ్రంథాల మౌర్యవంశావళిలో అశోకవర్ధనుడన్న ఒక పేరు. అంతే. ఆయన మాటలను కాపాడినది శిల. ఆయన బిరుదును కాపాడినది సింహళ గ్రంథం. ఆయన పేరును వంశక్రమంలో కాపాడినది పురాణం. శాసనాన్ని చదువడానికి కావలసిన భాషాజ్ఞానాన్ని కాపాడినది సంస్కృత, పాళీ పండితుల పరంపర. వీనిలో ఏ ఒక్కటి లేకున్నా ఆ రాజు మరల మనకు దక్కేవాడు కాడు. శిల గొప్పదా, స్మృతి గొప్పదా అన్న వాదానికి ఇక్కడ తావు లేదు.

ఆంధ్రదేశంలో రెండు హెచ్చరికలు

‘బ్రాహ్మి’ అన్న పేరు కూడా ప్రిన్సెప్ పెట్టినది కాదు. లలితవిస్తరమనే గ్రంథంలో బాలసిద్ధార్థుడు పేర్కొనే 64 లిపులలో మొదటిది బ్రాహ్మి. ఆ పేరు ఈ లిపికి 19వ శతాబ్దపు చివరి భాగంలో స్థిరపడింది. ఆ స్థిరీకరణలో ముఖ్యుడైన గేయోర్గ్ బ్యూలర్ అనే పండితునికి మన భట్టిప్రోలు ఒక చిక్కుప్రశ్నను వేసింది.

1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని త్రవ్వించినప్పుడు ధాతుకరండాలు బయల్పడ్డాయి. రాతి పెట్టెలపై శాసనాలున్నాయి. బుద్ధధాతువుల నిక్షేపాన్ని, కుబిరకుడనే రాజును అవి పేర్కొంటున్నాయి. లిపి బ్రాహ్మియే గాని అన్ని అక్షరాలూ ఉత్తరదేశంలో ఉన్నట్లు లేవు. మకారం తలక్రిందులుగా ఉన్నది. ఘ, జ, ళ వంటి వాటి రూపాలు వేరు. ముఖ్యంగా, అశోకుని బ్రాహ్మిలో హల్లును ఊరక వ్రాస్తే అందులో అకారం ఉన్నట్లే. భట్టిప్రోలులో హ్రస్వ అకారానికి కూడా ప్రత్యేక చిహ్నం ఉన్నది. అంటే, మరొకచోట ‘ఆ’కారంగా చదివే గీతను ఇక్కడ ‘అ’కారంగా చదవాలి. ఉత్తరదేశపు అలవాటుతో చదివినవాడు ప్రతి హ్రస్వాన్నీ దీర్ఘంగా పలుకుతాడు. ఈ భేదాన్ని బ్యూలర్ గ్రహించి ఆ శాసనాలను చదివాడు.

ఈ చిహ్నమే మన తలకట్టుకు మూలమని ఎవరికైనా తోచవచ్చు. ఆ కోరిక మధురమైనదే. కానీ తలకట్టు తరువాతి శతాబ్దాల రాతలో, అక్షరపు శిరోభాగాన ఉండిన చిన్న గీత నుండి క్రమంగా ఏర్పడింది. సాదృశ్యం వ్యాప్తి కాదు. అట్లే ఆ శాసనాల భాష ప్రాకృతం. మన నేలపై దొరికిన కారణంగా తెలుగు కాజాలదు.

రెండవ హెచ్చరిక కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై ఉన్నది. 1929లో వెలుగుచూచిన ఈ అశోక శాసనాలలో ఒకచోట లేఖకుడు కొన్ని పంక్తులను ఎడమ నుండి కుడికి, కొన్నింటిని కుడి నుండి ఎడమకు చెక్కాడు. పొలంలో ఎద్దులు సాలు చివర మళ్ళి తిరిగి వచ్చినట్లు రాత కూడా మళ్ళుతుంది. అలవాటు ప్రకారం అన్నింటినీ ఒకే దిశలో చదివితే అర్థహీనమైన అక్షరరాశి మిగులుతుంది. చదువరి తన అలవాటును ప్రక్కన పెట్టి రాత వెంట నడవాలి.

చదువబడని ముద్రలు

నేడు మన ముందున్న మహామౌనం సింధునాగరికత ముద్రలది. ఆ నాగరికతను 1924లో సర్ జాన్ మార్షల్ లోకానికి ప్రకటించాడు. ఐరావతం మహదేవన్ 1977లో ఆ శాసనాలన్నింటికీ పదసూచిని ప్రకటించి పరిశోధకులకు మహోపకారం చేశారు. అయినా లిపి చదువబడలేదు. కారణాలు స్పష్టమే. సగటున ఒక్కొక్క రాతలో అయిదు చిహ్నాలకు మించి లేవు. అగథోక్లీసు నాణెం వంటి ద్విభాషా సాక్ష్యం దొరకలేదు. అంతర్గతమైన భాష ఏదో నిశ్చయం లేదు. సాంచీలో ప్రిన్సెప్‌కు మార్గం చూపిన సజీవాచారం వంటిదీ అక్కడ కానరాదు.

ఈ ఖాళీలోనికే అనేకుల కోరికలు ప్రవేశిస్తున్నాయి. వేదమంత్రాలు చదివామని కొందరు, ద్రావిడ దేవతల పేర్లు చదివామని మరికొందరు ప్రకటిస్తూనే ఉన్నారు. ప్రతివారికీ తమకు ముందే ప్రియమైన అర్థమే ఆ ముద్రలలో లభించడం గమనార్హం. ఫిరోజ్ షా ఎదుట పలికిన జోస్యానికీ దీనికీ భేదమేమిటి? అక్కడ ప్రభువును సంతోషపెట్టారు. ఇక్కడ మనలను మనం సంతోషపెట్టుకుంటున్నాము. వేదం స్వతఃప్రమాణమని నమ్మేవారికి ఒక మట్టిముద్ర సాక్ష్యం అవసరమే లేదు. నమ్మికను నిలబెట్టడానికి సాక్ష్యాన్ని వంచవలసి వచ్చిందంటే ఆ నమ్మికలోనే దౌర్బల్యం ఉన్నదని అర్థం.

అందుకు విరుద్ధమైన నిదర్శనం గ్రీసు దేశపు లీనియర్ బి లిపి విషయంలో కనబడుతుంది. ఆంగ్ల వాస్తుశిల్పి మైకేల్ వెంట్రిస్ బాల్యం నుండి ఆ లిపిపై మనసు నిలిపినవాడు. అందులోని భాష ఎట్రుస్కన్‌కు సంబంధించినదని అనేక సంవత్సరాలు నమ్మాడు. కానీ చిహ్నాల పట్టికలు నిండుతున్నకొద్దీ అది ప్రాచీన గ్రీకు భాష అని తేలసాగింది. తన చిరకాలపు విశ్వాసాన్ని వదలుకొని 1952లో ఆ విషయాన్ని ప్రకటించాడు. వదలగలిగాడు కనుకనే చదువగలిగాడు.

దానలక్షణం

దానమంటే ఏమిటి? స్వస్వత్వనివృత్తిపూర్వకమైన పరస్వత్వాపాదనం అని శాస్త్రకారుల లక్షణం. వస్తువుపై ‘నాది’ అన్న భావం మొదట తొలగాలి. పిమ్మట అది ఇతరులది కావాలి. చేయి మారినంత మాత్రాన దానం కాదు. మమకారం తొలగకపోతే అది ఇచ్చినట్లే కాదు.

శాసనపఠనం కూడా ఈ లక్షణానికి లోబడే ఉన్నది. ‘ఇది ఇట్లు చెప్పాలి’ అన్న నా ఇచ్ఛ నివర్తించిన తరువాతనే శాసనానికి తన అర్థంపై స్వత్వం సిద్ధిస్తుంది. సాంచీ శిలలు తొలుత ఆ పదాన్నే పలకడం కాకతాళీయమే కావచ్చు. అక్కడ దాతల పేర్లే ఎక్కువగా ఉన్నాయి కనుక అట్లు జరిగింది. అయినప్పటికీ చదువబూనినవారందరికీ అది సార్థకమైన ప్రథమపాఠం.

ఉపనిషత్తులనూ, గీతనూ, సూత్రభాష్యాలనూ చదివే మనకు ఇది దూరపు విషయం కాదు. ఆ గ్రంథాల లిపి మనకు తెలుసు, పదాలు పరిచితాలు. అందుచేతనే ప్రమాదం అధికం. తెలియని లిపి కనీసం మనలను నిలువరిస్తుంది. తెలిసిన లిపి నిలువరించదు. శ్లోకాన్ని చూడగానే మన అభిప్రాయం దానిలోనికి దూరిపోతుంది. సంప్రదాయజ్ఞానం లేని శాస్త్రజ్ఞానాన్ని శంకర భగవత్పాదులు గీతాభాష్యంలో అంగీకరించకపోవడానికి కారణం ఇదే. ప్రిన్సెప్‌కు కమలాకాంతుడు, రత్నపాలుడు, టర్నర్ ఏమి చేశారో, గ్రంథపాఠకునికి గురుపరంపర అదే చేస్తుంది. ఊహను పరీక్షిస్తుంది, తప్పును చూపుతుంది, విడువవలసిన దానిని విడిపిస్తుంది. శ్రవణం తరువాత మననం విధింపబడినది కూడా అందుకే. విన్న వెంటనే కలిగిన అర్థాన్ని యుక్తితో శోధించాలి, నిలువనిదానిని త్యజించాలి.

సాంచీలోని ఆ దాతలలో చాలామంది గురించి మనకు ఒక పంక్తికి మించి తెలియదు. తమ పేరు, తమ ఊరు లేదా వృత్తి, చివర దానం. వారు ఇచ్చినది ఒక రాతిపలక, ఒక కంచెకమ్మి. దానితోపాటు, తమకు తెలియకుండానే, ఒక లిపి తాళపుచెవిని రాబోయే తరాలకు ఇచ్చి వెళ్ళారు. నిష్కామంగా ఇచ్చినదాని ఫలం ఎప్పుడు, ఎవరికి, ఏ రూపంలో చేరుతుందో ఇచ్చినవాడు ఎరుగడు.

స్వస్తి.